ప్రార్థనలో నియమం, మనోలగ్నం – యూద ఆచార్యుడు హెషెల్ విచారం

(సత్సంగ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రార్థనలో అర్థజ్ఞానానికి ఉన్న స్థానాన్ని గూర్చి మాట్లాడవలసిందని కార్యనిర్వాహకులు నన్ను కోరినారు. నలభై ఏళ్ళు వ్యాకరణమూ మీమాంసా పాఠం చెప్పినవాణ్ణి గనుక ఇవాళ కూడా యాస్కుని దగ్గరనో జైమిని దగ్గరనో మొదలుపెడతానని మీరు అనుకొని ఉంటారు. ఈసారికి వారిని కొంచెం పక్కన కూర్చోబెట్టి, మనవాడు కాని ఒక ఆచార్యుని గురించి చెప్పదలచుకొన్నాను. ఆయన యూదుడు. పేరు ఏబ్రహం జాషువా హెషెల్. పోలండులో పుట్టి, జర్మనీలో చదివి, అమెరికాలో పాఠం చెప్పి, 1972లో దేహం చాలించినారు.

పరాయి మతపు పెద్దను ఈ వేదిక మీదికి ఎందుకు తెచ్చినట్లు అని ఎవరైనా అడగవచ్చు. మన ఆచారాలను గూర్చి మనం మాట్లాడుకొనేటప్పుడు శాఖాభేదాలూ, ఇంటి అలవాట్లూ అడ్డు వస్తాయి. ప్రశ్న పక్కకు పోయి పంతం మిగులుతుంది. అదే ప్రశ్నను మరొకరి ఇంట్లో, మరొక భాషలో ఎలా విచారించినారో వింటే ఆ వేడి ఉండదు. అమెరికాలో ఉన్న మా మనుమడు నాలుగేళ్ళ క్రిందట హెషెల్ గారి గ్రంథాలు రెండు తెచ్చి ఇచ్చినాడు. ఆంగ్ల నిఘంటువు పక్కన పెట్టుకొని, రోజుకు నాలుగైదు పుటల చొప్పున చదివినాను. పుట చిన్నదే అయినా చాలా చోట్ల పుస్తకం మూసి కూర్చొని ఆలోచించవలసి వచ్చింది.

ముందుగా రెండు మూడు మాటలకు అర్థం చెప్పుకొందాము. రబ్బీ అంటే యూదులలో శాస్త్రం చదివిన గురువు, ధర్మనిర్ణయం చెప్పగలవాడు; అర్చకుడు కాడు. జెరూసలేములో వారి దేవాలయం క్రీ.శ. 70లో రోమనుల చేతిలో ధ్వంసమైంది. దానితో బలులూ అర్చకుల సేవలూ ఆగిపోయినవి. ఆనాటి నుండి ఆ సేవ స్థానంలో ప్రార్థన నిలిచింది. సినగాగు అంటే ప్రార్థనా మందిరం. అందులో విగ్రహం ఉండదు. తోరా అనే ధర్మగ్రంథపు చేతివ్రాత చుట్టలు ఒక మందసంలో ఉంటాయి. మన దేశంలో కొచ్చిన్ లోని పరదేశి సినగాగు 1568 నాటిది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే పేరుతో యూదాచారాలు పాటించే తెలుగు కుటుంబాలు కూడా ఉన్నవి. కనుక మనకు బొత్తిగా తెలియని లోకం కాదు.

యూదునికి రోజుకు మూడు ప్రార్థనలు విధి. ఉదయం షహరీత్, అపరాహ్ణం మిన్హా, రాత్రి మారీవ్. త్రికాల సంధ్య ఎరిగిన వారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. దేనిని ఏ వేళ మొదలుపెట్టాలో, ఏ వేళకు ముగించాలో కాలనిర్ణయం ఉన్నది. తాల్ముద్ అనే వారి మహాగ్రంథం సృష్టి ఎలా జరిగింది అనే ప్రశ్నతో గాని, దేవుని స్వరూపమేమిటి అనే ప్రశ్నతో గాని మొదలుకాదు. సాయంకాలపు షెమా పఠనం ఏ వేళ నుండి చేయాలి అనే ప్రశ్నతో మొదలవుతుంది. ఇది చదివినప్పుడు నాకు ఎంతో ముచ్చట వేసింది. వీరు మన జాతి పండితులే అనుకొన్నాను.

ఆ ప్రార్థనలకు నడిబొడ్డు అమీదా. నిలబడి చేసేది అని ఆ పేరుకు అర్థం. మూడడుగులు ముందుకు వేసి, పాదాలు జోడించి, తన చెవికి మాత్రం వినిపించేటంత మెల్లగా పంతొమ్మిది ఆశీర్వచనాలు చెప్పాలి. ఒకప్పుడు పద్దెనిమిదే ఉండేవి. సంఖ్య పెరిగినా పద్దెనిమిది అనే పాత పేరు మాత్రం పోలేదు. ముగించి మూడడుగులు వెనుకకు వేస్తారు, రాజసన్నిధి నుండి సెలవు తీసుకొనేవానివలె. పలుకవలసిన మాటలన్నీ సిద్దూర్ అనే ప్రార్థనా గ్రంథంలో నిర్ణయించి ఉన్నవి. భాష హెబ్రూ. పోలండు యూదుడైనా కొచ్చిన్ యూదుడైనా ఇంట్లో మాట్లాడుకొనే భాష వేరు, ఈ భాష వేరు.

చిక్కు ఇక్కడ వస్తుంది. అవే మాటలను రోజుకు మూడు సార్లు అరవై ఏళ్ళు చెప్పేవానికి నాలుక తన పని తాను నేర్చుకొంటుంది, మనసు సెలవు తీసుకొంటుంది. యూద పండితులు దీనిని రెండు వేల ఏళ్ళ నాడే గుర్తించి రెండు మాటలు పెట్టుకొన్నారు. కెవా అంటే స్థిరంగా ఏర్పరచిన నియమం. కవానా అంటే గురి, మనసును ఒక దిక్కుకు తిప్పి నిలపటం. ప్రార్థనను వట్టి కెవాగా చేసేవాని ప్రార్థన వేడుకోలు కాదని రబ్బీ ఎలియెజర్ మాటగా మిష్నాలో ఉన్నది. పూర్వపు భక్తులు మనసును దైవం వైపు తిప్పుకోవటానికి ప్రార్థనకు ముందు ఒక గంట సేపు ఊరక కూర్చొనేవారని కూడా అక్కడే ఉన్నది. పన్నెండవ శతాబ్దిలో మైమోనిడీస్ అనే మహాపండితుడు మరింత కటువుగా, కవానా లేని ప్రార్థన ప్రార్థనే కాదు, మనసు పెట్టకుండా చెప్పినవాడు మళ్ళీ చెప్పవలసిందే అని శాసించినారు. తరువాతి ధర్మశాస్త్రకారులు దానికి ఒక సవరణ చేసినారు: ఈ కాలంలో మళ్ళీ చెప్పినా మనసు నిలుస్తుందన్న భరోసా లేదు గనుక మళ్ళీ చెప్పనక్కరలేదట! లోకం తెలిసినవారు అన్నమాట.

మనలో కౌత్సుడు మంత్రాలకు అర్థమే లేదని వాదించటం, యాస్కుడు ఆ వాదాన్ని ఖండించి, అర్థం తెలియకుండా వేదం మోసేవాణ్ణి బరువు మోసే స్తంభంతో పోల్చటం మీలో కొందరు ఎరుగుదురు. ఆ వివాదం శబ్దానికీ అర్థానికీ సంబంధించినది. యూదుల వివాదం దానికి ఒక అడుగు అవతల ఉన్నది. అర్థం తెలిసినవాడు కూడా మనసు లేకుండా చెప్పగలడు గదా. ప్రతిపదార్థం అప్పజెప్పగల పండితుడు సంధ్యావందనం మధ్యలో విద్యుత్ బిల్లు గురించి ఆలోచించటం లేదా? నేను ఎవరినీ వేలెత్తి చూపటం లేదు. పండితుల పేరే చెప్పినాను.

హెషెల్ గారు 1907లో వార్సా నగరంలో పుట్టినారు. తల్లి వైపూ తండ్రి వైపూ హసీదీ గురువుల వంశాలు. హసీదులంటే పద్దెనిమిదవ శతాబ్దిలో ఉక్రెయిన్ ప్రాంతంలో బాల్ షెమ్ తోవ్ అనే గురువు బోధతో మొదలైన భక్తి సంప్రదాయం వారు. పాట, ఆనందం, తన్మయత వారి ప్రార్థనకు ప్రాణం. బాల్ షెమ్ తోవ్ ఒక చిన్న శబ్దశ్లేష మీద గొప్ప బోధ నిలిపినారు. నోవహు జలప్రళయంలో ఎక్కిన ఓడను హెబ్రూలో తేవా అంటారు. మాట అనే అర్థంలో కూడా తేవా శబ్దం ఉన్నది. ఓడలో ప్రవేశించమని దేవుడు నోవహుకు చెప్పిన ఆజ్ఞకు ఆయన చెప్పిన అర్థం, ప్రార్థించేవాడు తన మాటలో తాను ప్రవేశించాలని. ఓడ ఒడ్డున నిలబడి దానిని వర్ణించేవానికి ప్రళయం తప్పదు.

ఆయన మీదనే ఒక కథ చెప్తారు. యూదులకు సంవత్సరంలో పరమ పవిత్రమైన ఉపవాస దినం యోమ్ కిప్పూర్. ఆనాడు అక్షరం రాని ఒక పల్లెటూరి పిల్లవాడు తండ్రితో సినగాగుకు వచ్చినాడు. అందరూ గ్రంథం చూసి చదువుతున్నారు, వానికి చేతకాదు. చివరి ప్రార్థన వేళ ఉండబట్టలేక జేబులోని ఈలను గట్టిగా ఊదినాడు. జనం ఉలిక్కిపడి కోపగించినారు. బాల్ షెమ్ తోవ్ మాత్రం, మన అందరి ప్రార్థనలనూ ఈ పిల్లవాని ఈల పైకి తీసుకొని పోయింది అన్నారట. కథ చక్కనిది. కాని దీనిని చదువుకోకపోవటానికి సాకుగా వాడుకొనేవారిని నేను చూసినాను. ఈల ఊదినవాడు పసివాడు, వానికి అక్షరం రాదు. అక్షరాలు వచ్చి, తీరిక ఉండి, ఈల చాలునని ఊరుకొనేవాని సంగతి వేరు.

ఇటువంటి ఇంట్లో పెరిగిన హెషెల్ తొమ్మిదవ ఏట తండ్రిని పోగొట్టుకొన్నారు. గురుపీఠం ఎక్కుతాడని అందరూ ఎదురుచూసిన బాలుడు ఆధునిక విద్య కోరి విల్నాకు, అక్కడి నుండి 1927లో బెర్లిన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళినారు. ప్రవక్తలను గూర్చి సిద్ధాంత గ్రంథం వ్రాసినారు. ఆ బెర్లిన్ రోజులలోని ఒక సాయంకాలాన్ని గూర్చి ఆయన తరువాత వ్రాసుకొన్నారు. నా దృష్టిలో ఆయన ఆలోచన అంతా అందులో ఉన్నది.

గొప్ప అధ్యాపకుల ఉపన్యాసాలు, సంగీత సభలు, నాటకశాలలు. తత్త్వశాస్త్రం చెప్పేవారు దైవాన్ని ఒక భావనగా, తర్కానికి కావలసిన ఒక ప్రతిపాదనగా మాట్లాడేవారు. యువకుడైన హెషెల్‌కు అది తన ప్రశ్నకు సమాధానంగా తోచలేదు. ఒకనాడు ఆ మహానగరపు వైభవమైన వీధులలో నడుస్తూ ఉండగా, సూర్యుడు అస్తమించిన సంగతి హఠాత్తుగా గమనించినారు. సాయంకాలపు షెమా ఏ వేళ నుండి? చిన్ననాడు చదివిన ఆ మొదటి ప్రశ్న గుర్తుకు వచ్చింది. తాను దైవాన్ని మరచినాడు, సూర్యాస్తమయం తనకు సంబంధించిన విషయమన్న సంగతే మరచినాడు. రాత్రిని గూర్చి గేటె మహాకవి వ్రాసిన పద్యం మనసులో మెదిలింది, కాని అందులోని నిశ్శబ్దం మృత్యువు నిశ్శబ్దంగా తోచింది. అప్పుడు ఆ వీధిలోనే సాయం ప్రార్థన మొదలుపెట్టినారు. సాయంకాలాలను తన వాక్కుతో రప్పించే ప్రభువును స్తుతించటంతో ఆ ప్రార్థన మొదలవుతుంది.

ఇందులో గమనించవలసింది ఏమిటంటే, ఆ సాయంత్రం ఆయనకు ప్రార్థించాలన్న భావం ముందుగా కలుగలేదు. వేళ అయింది, విధి పిలిచింది. మాట నోటికి వచ్చిన తరువాత మనసు దాని వెంట వచ్చింది. తనకు ఎల్లప్పుడూ ప్రార్థించే మనఃస్థితి ఉండదని, తాను బలహీనుడుగా ఉన్న వేళ నియమమే తనకు బలం ఇస్తుందని ఆయన దాచకుండా వ్రాసినారు. నియమం లేకపోతే ఆ సాయంకాలం ఒక అందమైన సాయంకాలంగా గడచిపోయి ఉండేది, అంతే.

చరిత్ర ఆయనను బెర్లిన్ వీధులలో ఎక్కువ కాలం నడవనీయలేదు. 1938 అక్టోబరులో నాజీ పోలీసులు పోలండు యూదులతో పాటు ఆయననూ దేశం నుండి వెళ్ళగొట్టినారు. 1939లో జర్మనీ సేనలు పోలండు మీద పడటానికి కొన్ని వారాల ముందు లండనుకు, 1940లో అమెరికాకు చేరినారు. తల్లిని, ముగ్గురు సోదరీమణులను ఆ మారణకాండలో కోల్పోయినారు. తాను పుట్టిన వీధి, తాను ప్రార్థించిన సినగాగులు, ఆ పాటలు పాడిన గొంతులు లేకుండా పోయినవి. తాను అగ్నిలో నుండి లాగివేసిన కొరవినని తనను గూర్చి చెప్పుకొనేవారు. ఇక ముందు చెప్పబోయే మాటలను ఈ సంగతి గుర్తు పెట్టుకొని వినండి. ప్రార్థన నిలుస్తుందా పోతుందా అనేది ఆయనకు పుస్తకాల చర్చ కాదు.

అమెరికాలో కనబడింది ఏమిటి? భవనాలు కొత్తవి, విశాలమైనవి. సంఘాలకు డబ్బు ఉన్నది. పద్ధతి, మర్యాద, నిశ్శబ్దం అన్నీ ఉన్నవి. రబ్బీ వేదిక మీద నుండి పుట సంఖ్య చెప్తాడు, గాయకుడు పాడుతాడు, జనం కుర్చీలలో కూర్చొని చూస్తారు. లోపం ఎన్నటానికి లేదు, ప్రాణం మాత్రం లేదు. అప్పటికి న్యూయార్క్‌లోని యూద వేదాంత విద్యాలయంలో ఆచార్యుడుగా ఉన్న హెషెల్ గారు 1953లో రెండు రబ్బీల మహాసభలలో మాట్లాడినారు. ఒకే ఏడాది, రెండు వేర్వేరు పక్షాలు. ఆ రెండింటినీ పక్క పక్కన పెట్టి చదవాలి.

మొదటివారు కన్సర్వేటివ్ పక్షం వారు. సంప్రదాయపు ప్రార్థనను చాలా వరకు నిలుపుకొన్నవారు. వారితో ఆయన, మీ సభలలో మనుషులు ఉన్నారు గాని వారి ఆత్మలు హాజరు కావటం లేదు, ప్రార్థించే పనిని మీకు అప్పగించి వారు తప్పుకొన్నారు అనే అర్థంలో మాట్లాడినారు. ఆ రోజులలో ప్రార్థనా గ్రంథాన్ని సవరించాలని, క్లుప్తం చేయాలని సంఘాలు వేస్తూ ఉండేవారు. సవరించవలసింది గ్రంథాన్ని కాదు, చదివేవారిని అని ఆయన అభిప్రాయం. అప్పట్లో చెలామణిలో ఉన్న కొన్ని వాదాలను పేరు పెట్టి ఖండించినారు. దేవుడున్నాడో లేడో తెలియకపోయినా ప్రార్థన మంచిదే అనేది ఒకటి. పూర్వులు చేసినారు గనుక చేస్తున్నాము, నమ్మకంతో పని లేదు అనేది మరొకటి. నలుగురం కలుసుకోవటానికి ప్రార్థన ఒక సాధనం అనేది ఇంకొకటి. ప్రార్థన నిజానికి మనతో మనం మాట్లాడుకోవటమే, దానివల్ల మనసుకు ఊరట అనేది కడపటిది.

ఈ కడపటి వాదాన్ని ఈనాడు మనమూ రోజూ వింటున్నాము. జపం చేస్తే రక్తపోటు తగ్గుతుంది, స్తోత్రం చదివితే జ్ఞాపకశక్తి పెరుగుతుంది, ప్రదక్షిణం వ్యాయామం. తగ్గితే తగ్గనీయండి, సంతోషమే. కాని హెషెల్ అడిగిన ప్రశ్న, వినేవాడు ఎవరూ లేరని తెలిసి కూడా వేడుకోవటం ఏమి వేడుకోలు అని. రక్తపోటు కోసమే అయితే మాత్ర వేసుకోవటం సులభం గదా. ప్రార్థించేవాడు తన సంగతి తాను మరచి, దైవం దృష్టిలో తాను ఎవరు అని ఒక్క క్షణం చూసుకోవటమే ప్రార్థన అని ఆయన బోధ.

రెండవవారు రిఫార్మ్ పక్షం వారు. పందొమ్మిదవ శతాబ్దిలో జర్మనీలో మొదలైన సంస్కరణ అది. ప్రార్థనలను కుదించి, దేశభాషలోకి మార్చి, సినగాగులో ఆర్గన్ వాద్యం పెట్టి, శాస్త్రవిధులు చాలా వరకు వదలినారు. నైతిక జీవనమే మతం అన్నారు. వీరితో మాట్లాడేటప్పుడు హెషెల్ గారు కవానా మాట ఎత్తి మెప్పు పొందవచ్చు. వారు కోరేదీ అదే. ఆయన మాత్రం కెవాను గూర్చి మాట్లాడినారు. బెర్లిన్ సాయంకాలపు కథ వీరికే చెప్పినారు. మనసు కలిగినప్పుడే ప్రార్థిస్తానని కూర్చొంటే మనసు కలగటమే మానుకొంటుంది అన్నారు. శాస్త్రం అంటే పూర్తిగా పాటించాలి, లేకుంటే పూర్తిగా వదలాలి అనే మొండి పట్టును కూడా ఆయన ఒప్పుకోలేదు. నిచ్చెనకు మెట్లు ఉంటాయి, ఒక మెట్టు మీద ఉన్నవాడు నేల మీద ఉన్నవాడు కాడు.

చూసినారా, నియమం ఉన్నవారి దగ్గర భావాన్ని, భావం ఉన్నదనుకొనేవారి దగ్గర నియమాన్ని పట్టుకొన్నారు. ఎవరి సభలో వారికి నచ్చే మాట చెప్పి, పూలదండ వేయించుకొని రావటం వక్తలకు తెలిసిన విద్య. ఆయన దానికి తలక్రిందులుగా చేసినారు. అందుచేత రెండు చోట్లా విసుగుకొన్నవారు ఉన్నారు.

ఇక సబ్బాతు. ఇది ఆయన హృదయానికి మరీ దగ్గరి విషయం. 1951లో దీని మీద ఆయన వ్రాసిన చిన్న పుస్తకం ఈనాటికీ చదువుతున్నారు. శుక్రవారం సూర్యాస్తమయానికి ముందు ఇంటి ఇల్లాలు దీపాలు వెలిగిస్తుంది. అప్పటి నుండి శనివారం రాత్రి నక్షత్రాలు కనబడే వరకు పని లేదు. ఆ పనులు ఏమిటో ముప్పై తొమ్మిది తరగతులుగా శాస్త్రం లెక్కించింది: దున్నటం, విత్తటం, నేయటం, వ్రాయటం, నిప్పు రాజేయటం, ఇలా. అవన్నీ పూర్వం దేవుని గుడారాన్ని నిర్మించటంలో చేసిన పనులని చెప్తారు. అమెరికాలో వ్యాపారం చేసుకొనే యూదునికి ఇదంతా కాలం చెల్లిన నిషేధాల పట్టికగా కనబడసాగింది. శనివారం కొట్టు మూస్తే బేరం పోతుంది గదా.

హెషెల్ గారు పట్టికను సమర్థిస్తూ వాదన పెట్టలేదు. తోరాలో పవిత్రం అనే మాట మొట్టమొదట దేనికి వాడబడిందో చూడండి అన్నారు. సృష్టి అయిన తరువాత ఒక కొండను గాని, ఒక నదిని గాని దేవుడు పవిత్రం చేయలేదు. ఒక రోజును, ఏడవ రోజును పవిత్రం చేసినాడు. మనిషి ఆరు రోజులు స్థలంతో, వస్తువులతో పోరాడుతాడు, సంపాదిస్తాడు, కడతాడు. ఏడవ రోజు కాలంలో కట్టిన భవనంలో ప్రవేశిస్తాడు. దానిని ఏ రోమను సైన్యం కూల్చలేదు. తన వీధులూ సినగాగులూ బూడిద అయిన ఆరేడేళ్ళకు ఒక మనిషి ఈ మాట వ్రాసినాడని గుర్తు చేసుకొంటే, అది ఉపమాలంకారం మాత్రమే అని ఎవరూ అనలేరు.

ఆ పుస్తకంలో తాల్ముద్ నుండి ఒక కథను తీసుకొని ఆయన తీరికగా వ్యాఖ్యానించినారు. రబ్బీ షిమోన్ బార్ యొహాయ్ రోమను ప్రభుత్వాన్ని నిందించి, మరణశిక్షకు తప్పించుకొని కొడుకుతో కూడ ఒక గుహలో దాగినాడు. పండ్ల చెట్టు ఒకటి, నీటి ఊట ఒకటి వారికి ఆధారం. పన్నెండేళ్ళు మెడ వరకు ఇసుకలో కూర్చొని శాస్త్రం చదివినారు. బయటికి వచ్చినప్పుడు రైతులు పొలం దున్నుతూ కనిపించినారు. శాశ్వతమైన దానిని వదలి క్షణికమైన దాని వెంట పడుతున్నారని వారికి కోపం వచ్చింది. వారి చూపు పడిన చోటల్లా మండిపోయింది. అప్పుడు ఆకాశవాణి, నా లోకాన్ని నాశనం చేయటానికి వచ్చినారా, మళ్ళీ గుహకు పొండి అన్నది. మరొక పన్నెండు నెలలు గడిపి వచ్చినారు. ఈసారి శుక్రవారం సాయంకాలం ఒక ముసలివాడు సువాసన గల ఆకుల కట్టలు రెండు చేతపట్టుకొని పరుగెత్తుతున్నాడు. ఎందుకయ్యా ఇవి అంటే, సబ్బాతు గౌరవార్థం అన్నాడు. ఒకటి చాలదా అంటే, స్మరించు అన్న ఆజ్ఞకు ఒకటి, పాటించు అన్న ఆజ్ఞకు ఒకటి అన్నాడు. అప్పుడు ఆ తండ్రీకొడుకుల మనసు కుదుటపడింది.

చదువు పండితునికి చేసే అపకారం ఈ కథలో ఉన్నదని నాకు అనిపిస్తుంది. పన్నెండేళ్ళ విద్య వారికి దున్నేవాణ్ణి అసహ్యించుకోవటం నేర్పింది. ఆకులు పట్టుకొని పరుగెత్తే ముసలివాడు దానికి విరుగుడు అయినాడు. ఆరు రోజుల పనీ ఏడవ రోజు గౌరవమూ అతని ఒక్క చేతిలో కలిసినవి.

కాలం కంటె స్థలం తక్కువ అన్నట్లు హెషెల్ గారు వ్రాసిన దానిని నేను పూర్తిగా ఒప్పుకోలేను. కోవెల గంట విని పెరిగినవాణ్ణి. గర్భాలయం ముందు నిలబడితే కలిగేది పంచాంగం చూస్తే కలగదు. యూదులలో కూడా కొందరు, జెరూసలేము మాట ఏమిటి అని ఆయనను ప్రశ్నించినారు. 1967 యుద్ధం తరువాత ఆయన ఆ దేశానికి వెళ్ళివచ్చి, 1969లో ఆ నేలను గూర్చి ప్రత్యేకంగా ఒక పుస్తకమే వ్రాసినారు. స్థలం ఆయనను కూడా కదిలించింది.

మరొక మాట. చదువుకొన్నవారు ఆచారాలను ప్రతీకలు అని సమర్థించటం ఒక అలవాటు. దీపం జ్ఞానానికి ప్రతీక, రొట్టె కృతజ్ఞతకు ప్రతీక, ఇలా. హెషెల్ గారికి ఈ మాట గిట్టదు. ప్రతీక అయితే భావం తెలిసినవానికి వస్తువుతో పని ఉండదు. జ్ఞానం కలిగినవాడు దీపం ఎందుకు వెలిగించాలి? ఆయన మిత్స్వా అనే పాత మాటనే పట్టుకొన్నారు. అంటే ఆజ్ఞ, ఇద్దరి మధ్య జరిగేది, ఒకరు కోరగా మరొకరు చేసేది. చేయి ముందు చేస్తే బుద్ధికి తరువాత తెలుస్తుంది, తెలిసినదానికంటె కొంచెం ఎక్కువే చేయమని ఆయన శిష్యులకు చెప్పేవారు. సీనాయి కొండ దగ్గర వారి పూర్వులు చేస్తాము అన్న తరువాతనే వింటాము అన్నారని తోరాలో ఉన్నది.

అలాగని చేత అంటే సినగాగు లోపలి చేత మాత్రమే కాదు. యౌవనంలో వ్రాసిన ప్రవక్తల గ్రంథాన్ని విస్తరించి 1962లో ఆంగ్లంలో ప్రకటించినారు. పేదవానికి న్యాయం జరగని చోట పండుగలూ పాటలూ తనకు అసహ్యమని దేవుని పేర ప్రకటించిన ఆమోసు వంటివారి చరిత్ర అది. ఆ ప్రవక్తలతో ఏళ్ళ తరబడి గడపటం వల్లనే తాను చదువుల గది వదలి వీధిలోకి వచ్చినానని ఆయన చెప్పినారు. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో నల్లజాతివారికి ఓటు వేయనీయని కాలం. 1965 మార్చి 7న అలబామా రాష్ట్రంలోని సెల్మా పట్టణంలో హక్కు కోసం నడచినవారిని పోలీసులు లాఠీలతో కొట్టినారు. అదే నెల 21న మార్టిన్ లూథర్ కింగ్ నాయకత్వంలో మళ్ళీ నడక మొదలైనప్పుడు ముందు వరుసలో తెల్లని గడ్డంతో, మెడలో పూలమాలతో హెషెల్ గారు ఉన్నారు. ఆ ఛాయాచిత్రం నేను చూసినాను. ఆనాడు తన కాళ్ళు ప్రార్థిస్తున్నట్లు తనకు తోచిందని ఆయన తరువాత చెప్పుకొన్నారు.

ఈ ఒక్క మాటనే పట్టుకొని, ఇంక నోటి ప్రార్థన ఎందుకు, సేవ చాలును అనేవారు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. కాని ఆ కాళ్ళు యాభై ఏళ్ళు రోజుకు మూడు సార్లు మూడడుగులు ముందుకూ మూడడుగులు వెనుకకూ వేసిన కాళ్ళు. ఆ అలవాటు లేని కాళ్ళు సెల్మాలో నడచినా అది మంచి పనే, సందేహం లేదు. అయితే ఆ మాట అనగలిగి ఉండేవి కావు.

హెషెల్ గారు 1972 డిసెంబరు 23న, సబ్బాతు నాడు, న్యూయార్క్‌లోని తమ ఇంట్లో నిద్రలోనే కాలధర్మం చెందినారు. సబ్బాతు ముగిసిన రాత్రి యూదుల ఇళ్ళలో జడ వలె అల్లిన వత్తి వెలిగించి, సుగంధద్రవ్యాల డబ్బాను ఇంటివారంతా వాసన చూసి, ద్రాక్షారసంలో ఆ వత్తిని ఆర్పుతారు. వెళ్ళిపోయే పండుగ వాసన వారం రోజులు మనసులో ఉండాలని దాని అభిప్రాయమట.

వేళ మించింది, హారతికి గంట మోగుతున్నది. వచ్చే ఏకాదశి నాడు సంధ్యావందనంలోని సంకల్పానికీ మార్జన మంత్రాలకూ ప్రతిపదార్థం చెప్తాను. పిల్లలు పుస్తకాలు తెచ్చుకోండి. పుస్తకం లేనివారికి కార్యాలయంలో ఇస్తారు.